శ్రీరంగం అన్న మాటకు జవాబు

రంగనాథం చెడ్డవాడు కాడు. ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే కథ నడిచేకొద్దీ అతన్ని పట్టుకుని నాలుగు దులపాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అతను మద్రాసులో ఒక కాలేజీలో సైకాలజీ డిమాన్‌స్ట్రేటరు. ఆ రోజుల్లో సైకాలజీకి సొంత గూడు లేదు. ఫిలాసఫీ శాఖలో ఒక మూల గది, ఆ గదిలో ఒక బీరువా, బీరువాలో ఒక స్టాప్‌వాచీ, ఇదీ దాని ఆస్తి. ఫిజిక్సు వాళ్లు కాఫీ తాగుతూ “ఏమయ్యా, మనసు కనిపించిందా ఇవాళైనా?” అని ఎగతాళి చేసేవారు. ఆ మాటకు రంగనాథానికి ఒళ్లు మండేది. మనసును కూడా కొలవొచ్చు, కొలిచి పదిమందికీ చూపించొచ్చు అని రుజువు చేసేదాకా నిద్రపోకూడదని పట్టుబట్టాడు.

దానికి అతను ఎంచుకున్నది మాటల పరీక్ష. ఎదుటి మనిషికి ఒక మాట వినిపించాలి. వినగానే మనసులో మొదట మెదిలిన మాటను ఆ మనిషి ఠక్కున పైకి అనేయాలి. ఉప్పు అంటే కారం, పగలు అంటే రాత్రి, అలాగ. మధ్యలో ఎంతసేపు పట్టిందో వాచీ చూసి రాసుకోవాలి. ఎక్కడైనా మనిషి తడబడినా, మాట మింగినా, ముఖం ఎర్రబడినా అక్కడ లోపల ఏదో ముడి పడి ఉందనీ, ఆ మనిషి దాన్ని దాస్తున్నాడనీ సిద్ధాంతం. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన పుస్తకంలో మంచు, గొర్రెల మంద లాంటి మాటలిచ్చారు. మైలాపూరులో పుట్టి పెరిగినవాళ్లు మంచు గురించి ఏం దాచుకుంటారు? అందుకని రంగనాథం మన తెలుగువాళ్లకు పనికొచ్చే మాటలు తనే ఏరి పెట్టుకున్నాడు. వంటింటి మాటలు కొన్ని, చుట్టరికాలు కొన్ని, క్షేత్రాల పేర్లు కొన్ని.

మగవాళ్లు అడిగినంతమంది దొరికారు. చిక్కు ఆడవాళ్లతోనే వచ్చింది. చేతిలో గడియారం పట్టుకుని ‘నీ మనసులో ఏముందో చెప్పమ్మా’ అనే పరాయి మగవాడి ముందు ఏ ఇంటి ఆడబిడ్డ వచ్చి కూర్చుంటుంది? చివరికి ఇంట్లో ఉన్న ఇద్దరే దిక్కయ్యారు. ఒకరు తల్లి తాయారు. ఇంకొకరు, పెళ్లయి మూడేళ్లయిన భార్య కనకవల్లి.

వాళ్లది ఎన్నో తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ‘ఊరికే’ బదులు ‘సుమ్మా’, మాట చివర నొక్కడానికి ‘దా’, ఇలా అరవం దొర్లుతుంటుంది. మైలాపూరులో ఒక పెద్దింట్లో వీధివైపు వాటా. ఒక ఆదివారం పొద్దున రంగనాథం వరండాలో కుర్చీ వేసి ముందు తల్లిని కూర్చోబెట్టాడు.

“శ్రీరంగం” అన్నాడు వరసలో ఆ మాట రాగానే.

“రంగనాథుడు! నీ పేరే గదరా, దీనికి గడియారం ఏమిటికి?” అంది తాయారు, ఊపిరి తీసుకునే లోపల.

మగవాళ్లు కూడా దాదాపు అందరూ అదే జవాబిచ్చారు, అంతే తొందరగా. మొత్తం మాటల్లోకెల్లా అదే తేలిక మాట అని రంగనాథం అనుకున్నాడు కూడా.

తర్వాత కనకవల్లి వచ్చింది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

“తప్పు చెప్తే ఫెయిలు చేస్తారా?” అని నవ్వింది.

“తప్పనేదే లేదు. సుమ్మా తోచింది చెప్పు, అంతే దా” అన్నాడు.

ఆమె చురుకైన మనిషి. ఉప్పుకూ, అత్తకూ, ఊయలకూ టపటపా జవాబులు చెప్పేసింది. మొగుడి పరీక్ష తొందరగా ముగించి పొయ్యి మీద పప్పు చూసుకోవాలని తొందర. అంతలో అతను “శ్రీరంగం” అన్నాడు.

కనకవల్లి నోరు తెరిచింది. మూసింది. తల దించుకుంది. చెంపలు కందిపోయాయి. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. వాచీలో ముల్లు తిరుగుతూనే ఉంది. ఎంతో సేపటికి, ఎవరో గొంతు పట్టుకుని లాగినట్టు, “మా... మామ వాళ్ల ఊరు” అంది.

రంగనాథం వాచీ ఆపి, ఆ అంకె కింద గీత గీశాడు.

కనకవల్లి మేనమామ శ్రీరంగంలో ఉంటాడన్నది నిజమే. ఆ మేనమామకు భాష్యం అని ఒక కొడుకున్నాడు. మేనరికం మన ఇళ్లలో మామూలే. రంగనాథం సంబంధం రాకపోతే కనకవల్లిని ఆ భాష్యానికే ఇచ్చి ఉండేవాళ్లని పెళ్లిలో ఎవరో అనగా అతను విన్నాడు. అప్పట్లో ఆ మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేశాడు. ఇప్పుడు అది తిరిగొచ్చి తిష్ట వేసుకుని కూర్చుంది. పోయినేడు భాష్యం ఏదో ఉద్యోగం పరీక్షకని వచ్చి నాలుగు రోజులు ఇక్కడే దిగాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో నవ్వులే నవ్వులు. కనకవల్లి అతనికి అడక్కుండానే రెండోసారి చారు పోసింది. అప్పుడు చారు చారుగానే కనిపించింది. ఇప్పుడు సాక్ష్యంగా కనిపించసాగింది.

శాస్త్రవేత్త గనక తొందరపడకూడదనుకున్నాడు. ఇంకా పరిశీలించాలి. ఆ వారంలో ఒకరోజు అన్నం తింటూ, ఊరికే అన్నట్టు, “శ్రీరంగంలో వానలు పడుతున్నాయంట” అన్నాడు. కనకవల్లి పలకలేదు. పలకలేదంటే దాస్తోందన్నమాట. మర్నాడు మళ్లీ అదే ఎత్తాడు. ఈసారి ఆమె మామ ఇంటి గురించీ, అక్కడ దొరికే అరటికాయల గురించీ గలగలా చెప్పుకుపోయింది. ఇంత మాట్లాడుతోందంటే కప్పిపుచ్చుతోందన్నమాట. తాయారు “కోడలా, వచ్చే నెల శ్రీరంగం పోయి పెరుమాళ్లను సేవించుకుని వద్దామా?” అంటే, కనకవల్లి “ఇప్పుడొద్దులే అత్తా, ఈయనకి ఈడ వండిపెట్టేదెవరు?” అంది. భయపడుతోంది, తేలిపోయింది అనుకున్నాడు. సరే పోదాం అని ఉంటే? ఆశపడుతోంది అనుకునేవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ఏం చెయ్యాలో తోచలేదు. అన్నీ సరిపోతున్నాయి. అన్నీ సరిపోవడమే అతన్ని ఊపిరాడనివ్వలేదు.

ఆమె మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే కాఫీ చల్లార్చి ఇస్తోంది, అతని చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. ఆమె ముఖం చూస్తే ప్రేమ పొంగుకొస్తుంది. తల పక్కకు తిప్పుకుంటే అనుమానం పొంగుకొస్తుంది. ఈ రెండింటి మధ్యా రంగనాథం చిక్కి సగమయ్యాడు.

చివరికి ప్రొఫెసర్ పరంధామయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయన గుంటూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన మనిషి, పాతికేళ్లుగా తర్కం చెబుతున్నాడు. ముక్కుపొడుం పీలుస్తూ అంతా విన్నాడు. భార్య అని రంగనాథం చెప్పలేదు, ‘ఒక సబ్జెక్టు’ అన్నాడు.

“బాగానే ఉందోయ్ నీ ఊహ” అన్నాడు పరంధామయ్య. “ఒక్కటి చెప్పు. ఆవిడ ఏం చేసి ఉంటే నీ ఊహ తప్పు అని ఒప్పుకునేవాడివి?”

రంగనాథం ఆలోచించాడు. పలికితే తప్పు, పలక్కపోతే తప్పు. వస్తానంటే తప్పు, రానంటే తప్పు. “ఏం చేసినా...” అని ఆగిపోయాడు.

“అదీ సంగతి. ఏం జరిగినా నెగ్గే ఊహ ఏమీ చెప్పనట్టే. రేపు వాన పడొచ్చు, పడకపోవచ్చు అని చెప్పేవాడికి ఎప్పుడూ నష్టం లేదు. కానీ వాడి మాట నమ్మి గొడుగు తీసుకెళ్లాలో వద్దో నీకు తెలుస్తుందా? ఆ తడబాటుకు ఇంకో కారణం ఏముండొచ్చో వెతుకు. రెండు కారణాలూ ఎక్కడ విడిపోతాయో, ఒకటి అవునని ఇంకొకటి కాదని ఎక్కడంటాయో, అక్కడ పరీక్ష పెట్టు.”

రంగనాథం లేవబోతుంటే ఆయన మళ్లీ అన్నాడు. “ఇంకోటి. గ్లాసెడు వేడినీళ్లలో థర్మామీటరు ముంచితే నీళ్లు కూడా కాస్త చల్లారతాయి. మనిషి విషయంలో అయితే చెప్పక్కర్లేదు. చూసుకుని ముంచు.”

ఈ రెండో మాట రంగనాథం సగమే విన్నాడు. అతని బుర్ర నిండా మొదటి మాటే తిరుగుతోంది. ఇంకో కారణం. ఏముంటుంది ఇంకో కారణం?

అది దానంతటదే నడిచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అది యాభయ్యొకటో సంవత్సరం, దేశమంతా జనాభా లెక్కలు తీస్తున్నారు. ఒకరోజు పొద్దున రంగనాథం గదిలో గడ్డం గీసుకుంటుండగా, లెక్కలు రాసే బడిపంతులు ఒకాయన వచ్చి తమిళంలో ఇంటాయన పేరేమిటని కనకవల్లిని అడిగాడు. తాయారు పెరట్లో ఉంది.

“అత్తా!” అని పిలిచింది కనకవల్లి. అత్త పలకలేదు. “కొంచెం ఉండండి, మా అత్త వచ్చి చెప్తుంది” అంది.

“మీ ఇంటాయన పేరేనమ్మా నేనడిగేది” అన్నాడు ఆయన.

కనకవల్లి కాసేపు నసిగింది. తర్వాత, “శ్రీరంగంలో పడుకోనుండారే పెరుమాళ్లు, ఆయన పేరు దా” అంది.

పంతులుకు ఈ వారమంతా ఇలాంటివే ఎదురవుతున్నట్టున్నాయి. ఏమాత్రం ఆశ్చర్యపోకుండా “రంగనాథనా?” అన్నాడు. “ఆమా, ఆమా” అని తలూపింది ఆమె, గండం గడిచినట్టు. ఆయన రాసుకుని పక్క వాటాకు వెళ్లిపోయాడు.

గదిలో రంగనాథం సగం గడ్డంతో కొయ్యబారిపోయాడు.

పెళ్లాం మొగుడి పేరు పలకదు! ఇంత చదువూ చదివి, తెలుగువాళ్ల కోసమని పనిగట్టుకుని మాటలు ఏరి, ఈ సంగతే మరిచాడు. అతని సొంత తల్లి మాత్రం? తండ్రి పేరు తిరువేంగడం, అంటే తిరుపతి కొండ పేరే. ఆయన పోయి పదేళ్లయినా ఆవిడ ఆ పేరు పలకదు. తిరుపతి దేవుణ్ని కూడా ‘కొండమీద సామి’ అనే అంటుంది. శ్రీరంగం అనగానే అందరి నోటా వచ్చే జవాబు ‘రంగనాథుడు’. ఆ జవాబే కనకవల్లి నాలుక దాకా వచ్చి ఉంటుంది. మొగుడి పేరు, అదీ మొగుడి ముందు! పాపం, దాన్ని వెనక్కి నెట్టి ఇంకో మాట వెతుక్కోవడానికే అంతసేపు పట్టింది. చెంపలు కందింది సిగ్గుతో.

రంగనాథానికి గట్టిగా అరవాలన్నంత సంతోషం వేసింది. ఆ పూట భార్య వడ్డించిన దోసెలు రెండు ఎక్కువే తిన్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

సాయంత్రానికి మళ్లీ పురుగు తొలిచింది. పేరు పలకని ఆచారం ఆ తడబాటుకు సరిపోతుంది. ఒప్పుకున్నాడు. కానీ భాష్యం కూడా సరిపోతాడు కదా? ఆచారం ఉన్నంత మాత్రాన భాష్యం లేకుండా పోతాడా? ఒక తడబాటుకు రెండు కారణాలు వచ్చి, నాదంటే నాదని నిలబడ్డాయి. ఏది అసలుది? రెండూ నిజమైతే? పెద్దాయన చెప్పాడుగా, అవి విడిపోయే చోట పరీక్ష పెట్టమని. ఎక్కడ విడిపోతాయి?

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని కనిపెట్టాడు. ఆమెను తన పేరు చెప్పమనాలి. ఆచారం నిజంగా అంత బలమైనదైతే, ఎంత అడిగినా ఆ మాట ఆమె నోట రాదు. అప్పుడు తడబాటుకు కారణం అదే. గబుక్కున చెప్పేస్తే ఆచారం వట్టి సాకు, అసలు కారణం శ్రీరంగంలో ఉంది. ఇంత ముచ్చటైన పరీక్ష అతనింతవరకూ కట్టలేదు. తన సంసారాన్ని తీసుకెళ్లి దాని మీద పెడుతున్నానన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. తాయారు పెరట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. కనకవల్లి వరండాలో పూలు కడుతోంది. రంగనాథం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“కనకా, ఒక చిన్న పని. నా పేరు ఒకసారి చెప్పు.”

ఆమె ఫక్కున నవ్వింది. “ఏంది మీకు ఈ పొద్దు?”

“నవ్వులాట కాదు. చెప్పు.”

“నేనెట్ట చెప్పేది? పెళ్లాం నోట మొగుడి పేరు వస్తే మొగుడికి ఆయుస్సు తగ్గతాది. మా అమ్మ చెప్పలా, మీ అమ్మ చెప్పలా?”

“అదంతా మూఢనమ్మకం.”

“ఉండనీండి. మీరు చదువుకున్నోరు, నమ్మొద్దు. పోయిన ఎండల్లో మీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు డాక్టరు మీ పేరు అడిగినాడు. ఆ వొణుకులో కూడా నేను అత్తను పిలిచినానే గాని ఆ మాట నోట్లోకి రానీలా. మీరు లేచి కూర్చునేదాకా మనసులో కూడా అనుకోలా.”

ఇక్కడ ఆగాలి. ఆగాలని అతనికీ అనిపించింది. కానీ మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట సాక్ష్యం కాదని కదా పిల్లలకు పాఠం చెప్పేది! ఆమె తనకు అనుకూలంగానే చెప్పుకుంటుంది. మాట కాదు, చేత కావాలి.

“చెప్పినావంటే ఒకటి తేలుతుంది, చెప్పకపోతే ఇంకొకటి తేలుతుంది. నాకు అది తేలాల” అన్నాడు.

“ఏంది తేలాల్సింది?”

అతను చెప్పకూడదు. పరీక్షలో ఉన్నవాళ్లకు పరీక్ష దేనికో చెప్పకూడదని మొదటి పాఠం. అయినా ఇన్నాళ్లుగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. వాచీ, శ్రీరంగం, మామ వాళ్ల ఊరు, చారు, భాష్యం. అంటున్నకొద్దీ తనకే సిగ్గుగా ఉంది, అయినా నోరు ఆగలేదు.

కనకవల్లి చేతిలో పూల దండ ఒడిలోకి జారింది. ఆమె ఏడవలేదు. అరవలేదు. అతన్ని తేరిపార చూసింది, ఎప్పుడూ చూడని కొత్త మాట ఏదో కూడబలుక్కుని చదువుతున్నట్టు.

“భాష్యం బావా?” అంది. “చిన్నప్పటి నుంచి ఆయన నన్ను చెల్లీ అనే పిలిచేది. ఈడ ఉన్న నాలుగు రోజులూ మీకు ఇనపళ్లా?”

అతను వినలేదు. విని ఉంటే అది కూడా ఎటో ఒకవైపు సరిపోయేదే.

“సరి” అంది. “ఇప్పుడు నేను మీ పేరు చెప్పకపోతే ఏమని అర్థం?”

“నువ్వు... నీలో ఏమీ లేదని.”

“చెప్తే?”

రంగనాథం విడి పువ్వొకటి తీసుకుని రేకులు తుంచసాగాడు.

“అంటే నోరు మూసుకోనుంటే నేను మంచిదాన్ని. అంతే గదా?”

“అంతే” అన్నాడు ఆశగా. నిజానికి అతను కోరుకునేది అదే. ఆమె ఊరికే ఉంటే చాలు. ఇంకో నిమిషం అలా కూర్చుంటే చాలు, అతను గెలుస్తాడు, ఆమె గెలుస్తుంది, భాష్యం చారు తాగి వెళ్లిపోయిన చుట్టమైపోతాడు. లోపల్లోపల మొక్కుకున్నాడు కూడా, చెప్పకు కనకా, చెప్పకు అని. తేలిక పరీక్ష. జవాబు కూడా ముందే చెప్పేశాడు.

“మూడేళ్లు మీ కోసం నోరు మూసుకుంటిని” అంది కనకవల్లి. “మీకేమన్నా అవుతుందేమోనని భయంతో. ఎవరూ బలవంతం చేయలా, నాకే అట్ట ఉండేది. ఇప్పుడు నన్ను నేను కాపాడుకునేదానికి మూసుకోమంటుండారు. అట్టయితే అది ఇంక నాకొద్దు.”

“కనకా, ఉండు...”

“రంగనాథం” అంది.

తడబాటు లేదు. ముఖం ఎర్రబడలేదు. బడిలో హాజరు పిలిచినట్టు, స్పష్టంగా, ఒక్కో అక్షరం విడిగా. అతని పరీక్ష ప్రకారం ఆమె దోషి అని తేలిపోయింది. ఆమె నిర్దోషి అని అతనికి అంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు. ఈ రెండూ ఒక్క క్షణంలోనే ఎలా నిజమయ్యాయో అతనికి అర్థం కాలేదు. ఏం కొలిచాడో, కొలవక ముందు అక్కడ ఏముండేదో, ఇప్పుడేం మిగిలిందో, ఏదీ తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పూలు ఏరుకుంటున్నట్టు చెయ్యి పక్కకు తీసుకుంది.

పెరట్లోంచి తాయారు చాట పట్టుకునే లోపలికొచ్చింది.

“ఎవరురా వచ్చింది?” అంది. “ఎవరో ఆడమనిషి నిన్ను పేరు పెట్టి పిలిచినట్టుండాదే!”

తాయారు కోడలి వంక చూడను కూడా చూడలేదు, చూడాలని ఆవిడకు తోచలేదు. తిన్నగా వాకిట్లోకి పోయి వీధిలో అటూ ఇటూ చూసింది. ఎండలో వీధి ఖాళీగా ఉంది.

“ఎవరూ లేరే” అంది తిరిగొచ్చి. “ఎవరో కొత్తావిడ గొంతు మాదిరి ఉన్నింది. మన వాళ్లు ఎవరూ కాదు. ఎవరమ్మే అది?”

“తెలీదత్తా” అంది కనకవల్లి, దండకు ముడి వేసుకుంటూ. “ఆయన్నే అడగండి. పిలిపించుకున్నది ఆయనే.”